చెల్లించిన ప్రీమియము - చేయించుకొనని పరీక్ష

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. ఆ మేడచుట్టు నేడొక నగరమే వెలసినది. హైటెక్ సిటీ యనగానే మనకు వేలమంది పనిచేయు పెద్ద కంపెనీలే స్ఫురించును. కాని మాదాపూరు, కొండాపూరు సందులలో క్రింద టిఫిన్ హోటలు, పైన రెండు గదులు, ఆ గదులలో కంప్యూటర్ల యెదుట పదిమందో ఇరువదిమందో పనిచేయు సంస్థలును కలవు. నేటి మా ప్రసంగము వారిని గూర్చినది.

ఆ మధ్య అట్టి యొక సంస్థకు పోయితిమి. ఉద్యోగులు పదునెనిమిదిమంది. తనవారందరికిని ఆరోగ్యబీమా చేయించితినని యజమాని సంతోషముతో పాలసీని మా చేతబెట్టెను. ఆసుపత్రి ఖర్చుల భాగము ఆయనకు కంఠస్థమే. చివరి పుటలను మాత్రము తిప్పియుండలేదు. అచ్చట ‘వెల్‌నెస్’ అను శీర్షిక క్రింద ఏటికొకమారు రక్తపరీక్షలు, ఫోనులో వైద్యుని సలహా, మనసు బాగులేనివారికి కౌన్సెలింగు ఉన్నవి. వీనికి వేరుగా రుసుము లేదు, ప్రీమియములోనే చేరియున్నవి. ఎందరు వాడుకొనిరని అడిగితిమి. లెక్కచూడగా ఇద్దరు! పాలసీ గడువు ఇక రెండు మాసములే. వాడుకొనని పరీక్ష మరుసటి యేటికి జమపడదని ఆ పత్రమునందే వ్రాసియున్నది.

పరీక్షయే గదా, పోనిమ్మనుటకు వీలులేదు. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమువారును, ఏఐజీ ఆసుపత్రి వైద్యులును కలిసి ఈ నగరపు ఐటీ ఉద్యోగులు 345 మందిని పరిశీలించి, 2025లో ఫలితములను ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ప్రకటించిరి. నూటికి 84 మందికి కాలేయమున కొవ్వు చేరియున్నది. నూటికి 71 మంది స్థూలకాయులు. ఈ కొవ్వు తొలిదశలో సాధారణముగా నొప్పి పెట్టదు, జ్వరము తేదు. తెలియకుండ సంవత్సరములు గడచి, ఆసుపత్రి మంచమెక్కిన పిదప బీమా సొమ్ము చెల్లించును. పోయిన కాలేయమును తెచ్చియీయదు. తొలుత తెలిసినచో తిండి తగ్గించి, నడక పెంచి చక్కదిద్దుకొనవచ్చును. (ఈ మాటలు మైకు ముందు చెప్పుచున్న మేము మా రక్తపరీక్ష చేయించుకొని ఎంతకాలమైనదో గుర్తుకు రావడములేదు!)

మరి వాడుకొనరేమి? బద్ధకమని యజమాని యనెను. మేము మెట్లమీద నిలిచి నలుగురిని అడిగితిమి. అమెరికా వేళలకు పనిచేసి తెల్లవారుజామున ఇల్లుచేరువాడు పరగడుపున లాబొరేటరీకి ఎప్పుడు పోవును? ఇది మొదటి కారణము. రెండవదానిని ఒక యువకుడు గొంతు తగ్గించి చెప్పెను: “సార్, రిపోర్టు బాస్ మెయిల్‌కి వెళ్తుందేమో. షుగర్ ఉందని తెలిస్తే జీతం పెంచేటప్పుడు గుర్తుపెట్టుకోరా?”

ఈ భయమును తీర్పక ఎన్ని సౌకర్యములు కొన్నను వ్యర్థమే. ఐ.ఆర్.డి.ఏ.ఐ. అనబడు బీమా నియంత్రణ సంస్థ కార్యాలయము ఈ దారిలోనే, నానక్‌రామ్‌గూడలో ఉన్నది. 2020 సెప్టెంబరులో ఆ సంస్థ మార్గదర్శకములు ఇచ్చిన నాటినుండి బీమా కంపెనీలు ఆరోగ్యమును కాపాడుకొనువారికి పాయింట్లు ఇచ్చి, వానిని వైద్యుని ఫీజుకో, మందులకో, పరీక్షలకో, యోగా కేంద్రపు చందాకో వాడనీయవచ్చును. పాలసీ పునరుద్ధరణలో ప్రీమియము తగ్గింపవచ్చును. అయితే మీరు కొన్న పాలసీలో వీనిలో ఏవి ఉన్నవో చదివి చూచుకొనవలసినదే. ఇంకొక సంగతి: 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తులు, కుటుంబములు తీసికొను ఆరోగ్యబీమాపై జీఎస్టీ తొలగినను, గ్రూపు పాలసీలకు నూటికి 18 వంతులు నిలిచియే ఉన్నది. వాడుకొనని పరీక్షకు పన్నుకూడ కట్టుచున్నామన్నమాట.

ఆ యజమాని మంచివాడు, సంగతి గ్రహించెను. రిపోర్టులు ఉద్యోగుల సొంత ఫోనులకే పంపవలెననియు, తనకు పరీక్ష చేయించుకొన్నవారి సంఖ్య తప్ప మరేమియు తెలుపరాదనియు బీమా కంపెనీకి వ్రాసి, ఆ ఉత్తరమును గోడకంటించెను. ఒక శనివారము ఉదయము లాబొరేటరీవారినే ఆఫీసునకు రప్పించెను. రక్తమిచ్చినవారికి క్రింది హోటలునుండి ఇడ్లీలు, ఆపై పూటసెలవు. పదునాలుగుమంది చేయిచాచిరి. మీ యింట ఇట్టి సంస్థలో పనిచేయు కొడుకో కోడలో ఉన్నచో పాలసీ చివరి పుటలను ఈ రాత్రియే చూపుమనుడు.

ఆ ఉదయము టీ యందించు ఆమె గుమ్మమున నిలిచి, “మాకు లేదా సార్?” అని అడిగెను. ఆమె కాంట్రాక్టరు మనిషి. పాలసీలో పేరు లేదు. ఆమె జీతము 2017 జనవరి నుండి అమలైన 21,000 రూపాయల పరిమితికి లోబడినదే గనుక ఈఎస్ఐ వర్తింపవలెను. ఆమె జీతమునుండి నూటికి ముప్పాతిక రూపాయి కోతపడుచునే యున్నది. 2019 జూలై నుండి ఆ రేటు అదియే, యజమాని వంతు మూడుంబావు. కాని కార్డు సంఖ్య యేమో ఆమె కెవరును చెప్పలేదు. యజమాని అప్పటికప్పుడు కాంట్రాక్టరునకు ఫోను చేసెను. సోమవారమునకు సంఖ్య వచ్చినది. ఆమె ఆ కాగితమును మడిచి కొంగున ముడివేసికొని, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి ఏ బస్సు పోవునని అడిగినది.