ఇంటి ముందు విమానం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను 1971లో ఈ బడి నుంచి బయటికి వెళ్ళాను. ఆ రోజుల్లో ఆకాశంలో విమానం చప్పుడు వినపడితే చాలు, పాఠం మధ్యలో ఉన్నా అందరం వరండాలోకి పరుగెత్తేవాళ్ళం. లెక్కల మాస్టారు తిట్టేవారు కాదు. ఆయనా సుద్దముక్క చేత్తో పట్టుకునే వచ్చి, తలెత్తి చూసేవారు. ఆ చూపే నన్ను బేగంపేటకు చేర్చిందేమో. అక్కడ ముప్పై ఏళ్ళకు పైగా చిన్న విమానాల ఇంజన్లు విప్పి బిగించాను. విమానం నడపడం నాకు రాదు. అది ఎందుకు ఆగిపోతుందో మాత్రం కొంచెం తెలుసు.

ఈ సభకు రమ్మని పిలిచినప్పుడు మనవాళ్ళు ఒక విషయం చెప్పమన్నారు. "అన్నా, మీ అమ్మాయి ఉండే ఊళ్ళో ఇళ్ళ ముందు కార్లకు బదులు విమానాలు ఉంటాయట కదా. అలాంటి చోట కాపురం భయం కాదా?" అని. ఈ ప్రశ్న నన్ను కిందటి ఏడాది నుంచి వెంటాడుతూనే ఉంది. 2025 జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలినప్పుడు నేను ఫ్లోరిడాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అక్కడ అప్పుడు తెల్లవారుజాము. ఫోను మోగింది. దాచేపల్లి నుంచి మా చెల్లెలు. "అన్నయ్యా, విమానం హాస్టలు మీద పడిందట. అన్నం తింటున్న పిల్లలు పోయారట. మీరు ముందు ఆ ఇల్లు ఖాళీ చెయ్యండి" అని ఏడ్చింది. విమానంలో ఉన్న 242 మందిలో 241 మంది, కింద ఉన్నవాళ్ళలో 19 మంది ఆ రోజు చనిపోయారు. పక్క గదిలో నా మనవరాలు నిద్రపోతోంది. నాలుగేళ్ళది. కిటికీ తెరిస్తే రన్‌వే కనిపిస్తుంది. మా చెల్లెలికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ముందు ఆ ఊరు ఎలా ఉంటుందో చెబుతాను. మధ్యలో ఒక రన్‌వే. దానికి రెండు వైపులా ఇళ్ళు. ప్రతి ఇంటికీ కారు షెడ్డులాగే విమానం షెడ్డు. దాన్ని హ్యాంగర్ అంటారు. షెడ్డులోంచి విమానాన్ని బయటికి తీసి, వీధి వెంబడి మెల్లగా నడిపించుకుంటూ రన్‌వే దాకా పోయి ఎగిరిపోతారు. అమెరికాలో ఇలాంటి ఊళ్ళు ఆరువందలకు పైగా ఉన్నాయి. 1946లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో మొదలైన సియెరా స్కై పార్క్ వీటిలో మొదటిదని చెబుతారు. యుద్ధం అయిపోయింది. విమానం నడపడం వచ్చినవాళ్ళు వేలమంది ఇళ్ళకు తిరిగొచ్చారు. వాళ్ళను దృష్టిలో పెట్టుకుని కట్టిన ఊరది. ఫ్లోరిడాలో డేటోనా బీచ్ దగ్గర స్ప్రూస్ క్రీక్ అని ఉంది. యుద్ధకాలంలో అది నౌకాదళం విమానపట్టీ. ఇప్పుడక్కడ నాలుగువేల అడుగుల రన్‌వే చుట్టూ 1300 దాకా ఇళ్ళున్నాయి. కాలిఫోర్నియాలోని కామెరాన్ పార్కులో వీధులు వంద అడుగుల వెడల్పు. రెక్కలు తగలకుండా వీధుల పేర్ల బోర్డులు కూడా నేలకు దగ్గరగా, పొట్టిగా పెట్టారు.

మనకు ఇలాంటివి లేవా అంటే, అచ్చంగా ఇలాంటివి లేవు. దగ్గరివి ఉన్నాయి. పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టు వారి విమానాశ్రయం 1990లో వచ్చింది. పెద్దపల్లి వైపు బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ కోసం వేసిన పట్టీ ఉంది. మన పల్నాడులోనే విజయపురి సౌత్‌లో సాగర్ విమానపట్టీ ఉంది. మన ఊరి రోడ్డే పట్టుకుని పిడుగురాళ్ళ, నరసరావుపేట, అద్దంకి దాటి మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కితే, కొరిశపాడు, రేణింగవరం మధ్య రోడ్డే రన్‌వే. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. 2024 మార్చి 18న వాయుసేన ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దాని మీద దిగి, మళ్ళీ లేచాయి. ఆ కాసేపూ లారీలు, మనుషులు, పశువులు రాకుండా ఆపారు. మామూలు రోజుల్లో అది వాహనాలది, ఆ కాసేపు విమానాలది. రెండూ ఒకేసారి ఉండవు.

మా అమ్మాయి ఉండే చోట రెండూ ఒకేసారి ఉంటాయి. నేను చెప్పదలచుకున్న సంగతి ఇక్కడే మొదలవుతుంది.

విమానం ఇంటి మీద పడుతుందేమోనని అందరూ భయపడతారు. ఆ భయం ఉత్తిది కాదు. 2022 ఫిబ్రవరి 26న సాగర్ పట్టీ నుంచి లేచిన శిక్షణ విమానం తుంగతుర్తి దగ్గర పొలంలో కూలి, నేర్చుకుంటున్న అమ్మాయి చనిపోయింది. అది పొలం కాబట్టి కింద ఎవరికీ ఏమీ కాలేదు. చిన్న విమానానికి గండం చాలాసార్లు లేచిన మొదటి నిమిషంలోనే. ఇంజను ఆగితే ఎత్తు ఉండదు, వేగం ఉండదు. వెనక్కి తిప్పి రన్‌వే మీదికే వద్దామనుకుంటే మలుపులో రెక్కలకు పట్టు తప్పి, తలకిందులుగా పడుతుంది. అందుకే ఎదురుగా కనిపించే చోటే దిగమని మొదటి రోజు నుంచీ నేర్పుతారు. ఎదురుగా పొలం ఉంటే పైలట్ బతుకుతాడు. ఇళ్ళుంటే ఇద్దరికీ ప్రమాదమే. కాబట్టి ఇలాంటి ఊళ్ళో రన్‌వే పక్కన ఉన్న ఇల్లు వేరు, రన్‌వే చివర ఉన్న ఇల్లు వేరు. ధర చూసి కాదు, దిక్కు చూసి ఎంచుకోవాలి.

అయితే నేను అక్కడున్న నాలుగు నెలల్లో నాకు గుండె ఆగినంత పనైంది నేల మీదే.

ఒక శనివారం పొద్దున. మనవరాలు ఇంటి ముందు బంతితో ఆడుతోంది. నేను కుర్చీలో కూర్చుని హైదరాబాదు మిత్రుడితో ఫోనులో మాట్లాడుతున్నాను. బంతి దొర్లుకుంటూ వీధిలోకి పోయింది. పిల్ల వెనకాలే పోయింది. అదే వీధిలో నాలుగిళ్ళ అవతల నుంచి ఒక విమానం వస్తోంది. తోకకింద చక్రం ఉండే పాతకాలపు రకం. నేల మీద ఉన్నప్పుడు దాని ముక్కు పైకి లేచి ఉంటుంది. నడిపేవాళ్ళకు ఎదురుగా ఏముందో కనపడదు. అందుకని పాము పాకినట్టు అటూ ఇటూ తిప్పుకుంటూ, పక్కల నుంచి చూసుకుంటూ రావాలి. ఇక తిరిగే ప్రొపెల్లర్ కంటికి కనపడదు. గాలిలో గాలిలా ఉంటుంది. బేగంపేటలో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ నేను చెప్పిన మొదటి మాట అదే.

నేను లేచేసరికే ఇంజను ఆగిపోయింది. నడుపుతున్నావిడ డెబ్బై ఏళ్ళ పెద్దావిడ. వీధి ఖాళీగా ఉంది కదా అని తిన్నగా రాలేదు. రోజూ చేసినట్టే అటూ ఇటూ తిప్పుకుంటూ వచ్చింది కాబట్టి పిల్ల కనపడింది. ఆవిడ నియమం తప్పలేదు. ముప్పై ఏళ్ళు ప్రొపెల్లర్ల మధ్య బతికిన నేను తప్పాను. ఆవిడ దిగివచ్చి ఒక్క మాట కూడా అనలేదు. సాయంత్రం ఎర్ర రంగు డబ్బా తెచ్చి, మా వాకిలి చివర అడ్డంగా ఒక గీత గీసింది. "ఈ గీత దగ్గర ఆగాలి" అని పిల్లకు చెప్పింది. తరువాత నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రి అమ్మాయికీ, అల్లుడికీ చెప్పాను. దాచలేదు. అద్దెకుంటున్న ఆ ఇల్లే కొనాలని వాళ్ళ ఆలోచన. అల్లుడు పైలట్ లైసెన్సు కోసం నేర్చుకుంటున్నాడు. "బాబూ, పిల్ల ఇంకొంచెం పెద్దదయ్యాక కొనండి" అన్నాను. అతను తల వంచుకుని, "మీరెలా అంటే అలాగే మావయ్యా" అన్నాడు. అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "నాన్నా, దాచేపల్లిలో మన పాత ఇల్లు మెయిన్ రోడ్డు మీదే కదా. సున్నం లారీలు, సిమెంటు లారీలు, మిర్చి టిక్కీల లారీలు గుమ్మం ముందే పోయేవని మీరే చెప్పారు. మరి మిమ్మల్ని నాయనమ్మ ఎలా పెంచింది?" అంది.

చాలాసేపు ఆలోచించి చెప్పాను. "మీ నాయనమ్మ పొద్దున్నుంచి రాత్రి దాకా అరుగు మీదే కూర్చునేదమ్మా. బియ్యం ఏరినా, మిరపకాయల తొడిమలు తీసినా అక్కడే. కన్ను మాత్రం రోడ్డు మీద ఉండేది. ఆవిడ లేవాల్సివస్తే పక్కింటి పిన్నిని కూర్చోబెట్టి లేచేది."

ఆ మాట చెబుతుంటే నాకే అర్థమైంది. అక్కడి రన్‌వేకు టవరు లేదు. ఎవరు ఎప్పుడు లేస్తున్నారో, ఎప్పుడు దిగుతున్నారో పైలట్లే రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు. ప్రభుత్వం కాపలా పెట్టదు. విమానం వస్తే కారైనా, సైకిలైనా, కుక్కను తిప్పేవాడైనా పక్కకు తప్పుకోవాలన్నది ఆ ఊరివాళ్ళు పెట్టుకున్న నియమం. దాన్ని కాపాడేది పోలీసు కాదు, పక్కింటావిడ. ఆవిడ పాటించింది కాబట్టి ఇవాళ నేను మీ ముందు నిలబడి మాట్లాడగలుగుతున్నాను. అలవాటైపోయి ఒక్కడు ఏమరుపాటుగా ఉంటే మిగతా అందరి జాగ్రత్తా నీళ్ళపాలు. ఆ ఒక్కణ్ణీ నేనే అయ్యాను.

కంటికి కనపడని అపాయం ఇంకొకటి ఉంది. అది పెట్రోలులో ఉంది. మన దేశంలో కార్ల పెట్రోలులో సీసం కలపడం 2000 సంవత్సరంలో మానేశారు. చిన్న విమానాలు వాడే పెట్రోలులో చాలావరకు ఇప్పటికీ సీసం కలుపుతారు. కాలిఫోర్నియాలో రీడ్-హిల్‌వ్యూ అనే చిన్న విమానాశ్రయం ఉంది. దానికి అరమైలు లోపల ఉండే పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని 2021లో పరిశోధకులు చెప్పారు. 2022 జనవరి 1 నుంచి అక్కడ ఆ పెట్రోలు అమ్మకం ఆపేశారు. 2023 అక్టోబరులో అమెరికా పర్యావరణ సంస్థ కూడా విమానాల సీసం జనం ఆరోగ్యానికి చెరుపని ప్రకటించింది. పత్తికి, మిర్చికి మందు కొట్టి, ఆ చేతులతోనే అన్నం తిన్న ఊరు మనది. కనపడని విషం సంగతి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మనవరాలికి రక్తపరీక్ష చేయించాం. బాగానే ఉంది. ఏటా చేయించమన్నాను.

చివరికి వాళ్ళు ఆ ఇల్లు కొనలేదు. అది రన్‌వే చివర ఉంది. అదే ఊళ్ళో పక్క వీధిలో, రన్‌వేకు దూరంగా, చుట్టూ కంచె ఉన్న ఇంటికి అద్దెకు మారారు. నేను గెలవలేదు, అమ్మాయీ గెలవలేదు. ఇద్దరం కొంత దిగాం. మా చెల్లెలికి మాత్రం ఇప్పటికీ నచ్చలేదు.

ఇదంతా ఇక్కడెందుకు చెబుతున్నానంటే, సాగర్‌లోను, ఒంగోలులోను విమానాశ్రయాలు కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం ఆలోచిస్తోంది. విమానాశ్రయం మాట వినపడగానే దాని చుట్టూ వెంచర్లు మొలుస్తాయి. రేపు ఎవరైనా రంగుల కాగితం పట్టుకొచ్చి "విమానాశ్రయం ఎదురుగా ప్లాటు" అంటే, మన పూర్వ విద్యార్థులు నాలుగు మాటలు అడగాలి. ఈ స్థలం రన్‌వే పక్కనా, చివరా? భవనం ఎత్తుకు విమానాశ్రయాల సంస్థ అనుమతి ఉందా? ఎందుకంటే 2015 నియమాల ప్రకారం విమానాశ్రయాల చుట్టూ ఎంత ఎత్తు కట్టాలో లెక్క ఉంది. రన్‌వేకు, పిల్లలు తిరిగే చోటుకు మధ్య కంచె ఉందా? మంటలు వస్తే ఫైరింజను ఎంతసేపట్లో వస్తుంది? వీటికి జవాబు చెప్పలేనివాడు ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

ఆ నాలుగూ అడిగాక ఐదోది మనల్ని మనం అడుగుకోవాలి. అరుగు మీద కూర్చునేది ఎవరు?

మా లెక్కల మాస్టారు ఇవాళ లేరు. మమ్మల్ని వరండాలోకి వదిలినప్పుడు ఆయన ఆకాశం వైపు చూస్తూనే, రెండు చేతులూ చాచి మెట్ల దగ్గర అడ్డంగా నిలబడేవారు. ఎవరూ తొక్కిసలాటలో పడకుండా. అప్పుడు అది మాకు పట్టలేదు. ఇప్పుడు ఇక్కడున్న గురువులందరికీ ఆయన తరఫున కూడా నమస్కరించి సెలవు తీసుకుంటున్నాను.