పాత రూపాయిని తోమకండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాణేల గురించి చెప్పమన్నారు. రాజమహేంద్రవరం ఏలిన తూర్పు చాళుక్యులు పల్చటి బంగారు రేకు మీద వరాహం బొమ్మ, చుట్టూ అక్షరాలు గుద్ది నాణేలు వేశారు. రాజరాజ నరేంద్రుడివి సముద్రం దాటి సయాం దాకా వెళ్లాయి. అవి మన చేతికి దొరకవు లెండి. మనిళ్లల్లో దేవుడి పెట్టెలో ఉండే వెండి రూపాయల సంగతే మాట్లాడతాను.

ఆమధ్య మన బడిలో నాకంటే చాలా వెనక చదివిన తమ్ముడొకడు వాళ్లమ్మగారిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. మూటలో ఇరవై రెండు రూపాయలు. కూతురికి ఇంజనీరింగు ఫీజు కట్టాలి. కొట్టువాడు తూకానికి లెక్కగట్టాడట. రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. 1940కి ముందువాటిలో వెండి నూటికి దాదాపు తొంభై రెండు పాళ్లు. ఆ లెక్కలో మోసమేం లేదు. కానీ ఇరవై రెండింటినీ ఒకే గాటన కట్టేశాడు.

విక్టోరియా బొమ్మతో 1862వి ఆరున్నాయి. పాతవి కదా అని ఆశపడ్డారు పాపం. టంకశాలవాళ్లు ఆ తేదీనే ఉంచి ఏళ్ల తరబడి ముద్రించారు, కాబట్టి మామూలు రకానికి అరుదైన ధర రాదు. పైగా వ్రతానికి చింతపండు, ముగ్గు వేసి తోమినవి. ఎలా తెలిసిందంటారా? ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా తిప్పండి. అంతగా అరగని, తోమనిదైతే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. తోమినదైతే సన్నటి గీతలు ఒకే వైపుకు కనబడతాయి. మైదానం తళతళ, అక్షరాల సందుల్లో మాత్రం నల్లటి మురికి! ఆమ్లంలో ముంచినదైతే సున్నం కొట్టిన గోడలా ప్రాణం లేని తెలుపు.

అడుగున ఒకటి నల్లబడి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అయిదో జార్జి, 1911. ఆయన దుస్తుల మీది ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిలా కనబడిందని అప్పట్లో గొడవైంది. చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించారు. మరుసటి ఏడు ఏనుగును సరిదిద్దారు. అందుకే దాన్ని పంది రూపాయి అంటారు.

ఇక స్థాయి కట్టడం. ఎత్తుగా ఉన్నచోటే ముందు అరుగుతుంది. చెవి, మీసం, కిరీటం మీది ముత్యాలు, ఆ ఏనుగు చూశాను. ముత్యాలు విడివిడిగా ఉన్నాయి, చెవి అంచు మాత్రం కాస్త అరిగింది. మంచి స్థాయే. ‘తళతళలాడేలా మెరుగు పెట్టిస్తే ఇంకా వస్తుందేమో అన్నా’ అన్నాడు మావాడు. వద్దన్నాను. ఆ నలుపు వెండి మీద వందేళ్లు పట్టిన పొర. గీకితే దాంతోపాటు లోహమూ పోతుంది, మళ్లీ రాదు. స్థాయి కట్టేవాళ్లు అరుగుదల ఎంత తక్కువున్నా ‘తోమినది’ అని రాసేస్తారు, కొనేవాడు సగానికి అడుగుతాడు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. రాగి నాణెం మీద లేతాకుపచ్చ పొడి రాలుతుంటే అది జబ్బు. దాన్ని వేరుగా పెట్టి తెలిసినవాళ్లకి చూపించాలి. మన గాలిలో తేమ ఎక్కువ కదా, ప్లాస్టిక్ సంచుల్లో కుక్కొద్దు.

మరోమాట. రాముడు, హనుమంతుడు బొమ్మలతో ఈస్టిండియా కంపెనీ 1818 అని అమ్మేవి కంపెనీ వేసినవి కావు. బియ్యాన్ని లాగే నాణెమని ఎవరైనా వస్తే పోలీసులకి చెప్పండి.

‘మరి వ్రతానికి ఏం పెట్టను నాయనా?’ అంది ఆ తల్లి. తోమినవాటిలో రెండు ఉంచుకోండమ్మా అన్నాను. మిగతా మామూలువి తూకానికి ఇచ్చేశారు, ఆ ఒక్కదాన్ని వేరుగా సేకరణదారుకు అమ్మారు. మొదటి ఏడాది ఫీజు కట్టేశారు.

భోజనాలయ్యాక పదో తరగతి గదిలో కూర్చుంటాను, భూతద్దం తెచ్చాను. నాణేలు తెచ్చినవాళ్లు ఎలా ఉన్నవి అలాగే తీసుకురండి.