శరత్కాలము – కృతజ్ఞతాధర్మము



ఆశ్వయుజ, కార్తీక మాసములు రెండును శరదృతువు. వానలు వెనుకబట్టి, ఆకసము తేటపడి, చెరువులలో బురద అడుగంటి నీరు నిర్మలమగు కాలమిది. శరత్తు అను మాటకు సంవత్సరమను అర్థమును కలదు. మాధ్యాహ్నికమున సూర్యోపస్థానము చేయువారు నూరు శరత్తులు చూడవలెనని, జీవింపవలెనని, మంచి వినవలెనని ప్రార్థింతురు. ఆయుష్షును ఇట్లు శరత్తులతో లెక్కించుటలో ఒక ఔచిత్యము మాకు తోచుచున్నది. వానను దాటి వచ్చినవాడు ఒక్క క్షణము నిలిచి, తానేమి పొందెనో చూచుకొను కాలము గదా ఇది!

నేటి ప్రసంగవిషయము కృతజ్ఞత. అందును పండుగపూట ఒంటరిగా నున్నవాని కృతజ్ఞత. ఇది కృష్ణానగరమున తప్పక చెప్పుకొనవలసిన మాట. తెలుగు చిత్రపరిశ్రమ మదరాసునుండి క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చిన పిమ్మట, జూబ్లీహిల్సు, ఫిలింనగరు స్టూడియోలకు చేరువయని ఊళ్ళు విడిచి వచ్చినవారెందరో ఈ సందులలోని అద్దెగదులలో కాపురమున్నారు. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, వేషము కొరకు వేచియుండు యువకులు వారిలో కలరు. దసరాకు ఊరికి పోగలవారు పోవుదురు. చార్జీలకు డబ్బులేకయో, అడిగినవారికి చెప్పుకొనుటకు ఇంకను ఏమియు సాధింపలేదను సంకోచముచేతనో, తలుపు మూసికొని గదిలోనే ఉండిపోవువారును కలరు. మావంటి వృద్ధుల సంగతియు ఇంచుమించు అంతే. అట్టివానితో కృతజ్ఞత కలిగియుండుమనినచో పుండుపై కారము చల్లినట్లుండదా? ఈ ప్రశ్నకు సమాధానము చూడవలయును.

శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండను స్మరింపుడు. వర్షాకాలమంతయు రాముడు ప్రస్రవణగిరి గుహలో గడపెను. తోడు తమ్ముడొక్కడే. సీత ఎచ్చటనున్నదో తెలియదు. సుగ్రీవుడో, రాజ్యమును, భార్యను, పరివారమును మరల పొంది అంతఃపురమున సుఖించుచుండెను. శరత్తు వచ్చెను గాని ఇచ్చిన మాట అతనికి జ్ఞప్తికి రాలేదు. మొదట హనుమంతుడు గుర్తుచేసెను. ఆపై లక్ష్మణుడు కోపముతో వచ్చి, ఘోరపాపములకు సైతము పెద్దలు ప్రాయశ్చిత్తము విధించిరి గాని, మేలు మరచినవానికి మాత్రము విధింపలేదని మందలించెను.

గమనింపుడు. మరచినవాడు నిండుసభలో నున్నవాడు. ఒంటరియై దుఃఖించుచున్న రాముడు మరువలేదు. తరువాత హనుమంతుడు సీత జాడ తెలిపినప్పుడు, ఈ ఉపకారమునకు తగినది తనవద్ద ఏదియు లేదని చెప్పి, కౌగిలినే సర్వస్వముగా నొసగెను. చేతిలో ఏమియు లేనినాడును కృతజ్ఞుడు ఈయగలిగినది ఒకటి కలదన్నమాట.

అసలు కృతజ్ఞుడనగా ఎవడు? కృతమును, అనగా తనకు చేయబడినదానిని, ఎరిగినవాడు. సంతోషించువాడని ఆ మాటకు అర్థము కాదు. కావున మనసు దిగులుగా నున్నవాడును కృతజ్ఞుడు కావచ్చును. దిగులును దాచుకొని నవ్వవలసిన పనిలేదు. ఎరుగుటయే చాలును.

ఒక విజయదశమినాడు మాకును ఇంట ఎవరును లేకుండిరి. మా సహధర్మచారిణి గతించినది, పిల్లలు దూరదేశములందున్నారు. అనుష్ఠానము ముగించుకొని, చేతికర్రతో మెల్లగా కృష్ణానగరమునుండి చెక్‌పోస్టు మీదుగా కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము వైపునకు నడచితిమి. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఆ వనము నగరమధ్యమున బండలతో, పొదలతో, నెమళ్ళతో నేటికిని నిలిచియున్నది. తొందర లేదు గనుక, దారిలో కనబడిన ప్రతిదానికిని “ఇది ఎవరు చేసినది?” అని మమ్ము మేమే అడుగుకొనుచు పోతిమి.

బతుకమ్మలలో పేర్చిన తంగేడు, గునుగు పూలు వాడిపోయి ఒక మూలనుండెను. వాటిని ఊడ్చుచున్న తల్లికి ఆనాడును సెలవు లేదు. పైన మెట్రో రైలు పోవుచుండెను; దానిని నడుపువానికిని సెలవు లేదు. మూసిన అంగళ్ళ నడుమ ఒక్క టీకొట్టు తెరచియుండెను. ఉద్యానము చేరి చెట్లనీడన కూర్చుండినప్పుడు, ఉదయము మా నోట పలికిన పనసలు ఎవరివను ప్రశ్న కలిగెను. గురువులు స్మరణకు వచ్చిరి. వారి వెనుక, పాఠశాలలో వారములు చేసికొని చదువుకొన్న దినములలో మాకు అన్నము పెట్టిన ఏడిండ్ల తల్లులు వచ్చిరి. సోమవారమొక తల్లి, మంగళవారమొక తల్లి. వారిలో నేడెవరును లేరు. ఆ ఋణము వారికి తీర్చు మార్గము లేదు. ఇంటికి పోయి, ప్రక్కగదిలో ఒంటరిగా నున్న కుఱ్ఱవానిని భోజనమునకు పిలిచితిమి. అన్నఋణమును అన్నముతోనే ముందుకు సాగింపవలెను గదా!

దేవఋణము, ఋషిఋణము, పితృఋణములతో మానవుడు పుట్టుచున్నాడని వేదము చెప్పుచున్నది. ఋణమున్నదనగా ఇచ్చినవారున్నారనియే అర్థము. ఇందరు ఇచ్చినవారున్నవాడు పూర్తిగా ఒంటరి ఎట్లగును?

విజయదశమినాడు మనము జమ్మిని పూజించుటయు ఇందులకే. విరాటుని కొలువునకు పోవుటకు ముందు పాండవులు తమ ఆయుధములను శమీవృక్షముపై దాచిరి. ఆ చెట్టు ఏడాదిపాటు వాటిని కాపాడి, అడిగిననాడు అప్పగించెను. ఆనాడు రాజులు సేవకుల వేషము ధరించిరి. ఈ కృష్ణానగరమున కూలికి పోవువారు ఒక్కపూట రాజవేషము ధరించుచున్నారు. ఎవని అజ్ఞాతవాసమునకైనను ఒక జమ్మిచెట్టు ఉండియే తీరును. అప్పు పెట్టిన కిరాణాకొట్టువాడో, అద్దెకు గడువిచ్చిన ఇంటివారో, గదిలో చోటిచ్చిన స్నేహితుడో, వానిని గుర్తింపుడు. యజ్ఞమున అగ్నిని మథించు అరణికి శమీవృక్షముపై మొలచిన రావికొయ్యను గ్రహించుట సంప్రదాయము. తెలంగాణ రాష్ట్రము 2014లో జమ్మిని రాష్ట్రవృక్షముగా, దసరానాడు మనము వెదకి చూచు పాలపిట్టను రాష్ట్రపక్షిగా స్వీకరించినది.

కావున పండుగనాడు ఒంటరిగా నున్నవారు తలుపు తీసి కొంతదూరము నడువుడు. మీకు చేయబడిన మేలును ఒక్కొక్కటిగా ఎన్నుకొనుడు. జీవించియున్న ఉపకారికి ఫోనులో ఒక మాట చెప్పుడు. ఊళ్ళోనున్న తల్లిదండ్రులు మీ విజయముకన్న మీ గొంతు కొరకే ఎక్కువగా ఎదురుచూచుచుందురు. ఆనాడు పనిచేయుచున్నవారి చేతిలో జమ్మి బంగారము పెట్టి నమస్కరింపుడు. దిగులు పూర్తిగా పోవునని మేము చెప్పము. కాని ఆ దిగులుప్రక్కన ఎందరు నిలిచియున్నారో తెలియును.

పరమేశ్వరుడు మీకందరకు నూరు శరత్తులను, వాటిని లెక్కించుకొనునపుడు మేలు చేసినవారిని మరువని మనస్సును అనుగ్రహించుగాక! స్వస్తి.