ఆసియా వారసత్వ హోటళ్లు: యాత్రా రచన అడగవలసిన ప్రశ్నలు

ఆసియాలోని వారసత్వ హోటళ్లు మూడు దారుల్లో వచ్చాయి. కొన్ని మొదటి నుంచీ హోటళ్లుగానే కట్టినవి. కొన్ని రాజుల, జాగీర్దార్ల నివాసాలుగా ఉండి తర్వాత హోటళ్లయినవి. మరికొన్ని వర్తకుల ఇళ్లు, ఒకే కుటుంబం తరతరాలుగా నడిపే బసలు. వీటి గురించి వచ్చే యాత్రా రచన చాలావరకు గది, భోజనం, కిటికీలోంచి కనిపించే దృశ్యం దగ్గరే ఆగిపోతుంది. భవనాన్ని ఎవరు ఎందుకు కట్టారు, అది ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లింది, ఈనాడు దాన్ని ఎవరు నిలబెడుతున్నారు అనే మూడు ప్రశ్నలకు జవాబు వెతికినప్పుడే ఆ రచనకు విలువ వస్తుంది.

మొదటి రకం హోటళ్లు ఆవిరి ఓడల కాలానివి. 1869లో సూయజ్ కాలువ తెరవడంతో ఐరోపా నుంచి ఆసియా రేవులకు ప్రయాణం దగ్గరైంది. ఓడ దిగిన అధికారులకు, వర్తకులకు, యాత్రికులకు బస కావలసి వచ్చింది. ఆ అవసరాన్ని బాగా గుర్తించినవారు ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఆర్మేనియన్లు, సార్కీస్ సోదరులు. పెనాంగ్‌లో ఈస్టర్న్ అండ్ ఓరియంటల్, 1887లో సింగపూర్‌లో రాఫెల్స్, 1901లో రంగూన్‌లో స్ట్రాండ్ వారు నెలకొల్పినవే. రాఫెల్స్ ఒక సముద్రతీర బంగళాలో పది గదులతో మొదలైంది. ప్రధాన భవనం 1899లో లేచింది. 1930ల ఆర్థిక మాంద్యంలో సార్కీస్‌ల సంస్థ దివాలా తీసినా హోటళ్లు మిగిలాయి. 1987లో సింగపూర్ రాఫెల్స్‌ను జాతీయ స్మారకంగా ప్రకటించింది.

ఈ హోటళ్ల విశాలమైన వరండాలు, నాట్యశాలలు వలసపాలకుల సౌకర్యం కోసం వెలిసినవి. స్థానికులు వాటిలో ఎక్కువగా పనివారుగానే అడుగుపెట్టారు. రాఫెల్స్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చిన సింగపూర్ స్లింగ్ పానీయం కూడా హైనాన్ నుంచి వలస వచ్చిన న్గియామ్ టోంగ్ బూన్ అనే ఉద్యోగి సృష్టిగా ప్రసిద్ధం. ఆ కాలపు వైభవాన్ని వర్ణించే రచన ఈ శ్రమను విడిచిపెడితే సగం చరిత్రే చెప్పినట్టు.

రెండో రకానికి భారతదేశమే పెద్ద నెలవు. జైపూర్‌లోని రాంబాగ్ ప్యాలెస్ 1957లోనే హోటల్ అయింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలను రద్దు చేశాక, పెద్ద భవనాల పోషణ చాలా రాజకుటుంబాలకు మోయలేని భారమైంది. కోటలు, హవేలీలు అతిథులకు తలుపులు తెరవడం వెనుక ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది. హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా కథలో చేతులు మారిన తీరు మరింత స్పష్టం. పాయిగా అనే ప్రభువంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో నిర్మాణం మొదలుపెట్టారు. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా వశమై రాజ అతిథిగృహంగా మారింది. సంస్థానం విలీనమయ్యాక ఏళ్ల తరబడి మూతపడి ఉంది. నిజాం వంశపు కోడలు, యువరాణి ఎస్రా పర్యవేక్షణలో సుమారు పదేళ్ల పునరుద్ధరణ జరిగాక 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనబల్ల గురించి రాయనివారు లేరు. మూతపడిన ఆ దశాబ్దాల గురించి రాసేవారు అరుదు. ఆ ఖాళీ కాలమే పునరుద్ధరణ విలువ ఎంతో చెబుతుంది.

మూడో రకం కుటుంబాలు నడిపే బసలది, వర్తకుల ఇళ్లది. జపాన్‌లోని అవాజు వేడినీటి బుగ్గల వద్ద ఉన్న హోషి సత్రం 718లో మొదలైందని, ఒకే కుటుంబంలో 46 తరాలుగా నడిచిందని ప్రతీతి. పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్‌లో చైనా వర్తకుడు చియోంగ్ ఫాట్ జీ కట్టిన నీలిభవనాన్ని 1989లో కొందరు పరిరక్షకులు కలిసి కొన్నారు. వారి కృషికి 2000లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. ఆ గోడల నీలం, సున్నంలో నీలిమందు కలిపి వేసిన పూత. తేమ ఎక్కువగా ఉండే చోట సున్నపు పూత గోడను గాలి పీల్చుకోనిస్తుంది. దానిపై సిమెంటు మెత్తితే తేమ లోపలే చిక్కి గోడ పాడవుతుంది. డంగు సున్నం కట్టడాలు ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. ఇలాంటి పనితనం తెలిసిన రచయిత రంగును మెచ్చుకోవడంతో ఆగక, మరమ్మతు సరిగా జరిగిందో లేదో కూడా చెప్పగలడు.

అదే జార్జ్‌టౌన్ మరో పాఠం కూడా నేర్పుతుంది. 2000లో అద్దె నియంత్రణ చట్టం రద్దు కావడంతో పాత దుకాణపు ఇళ్లలో తరాలుగా ఉన్న అనేక కుటుంబాలు ఖాళీ చేయవలసి వచ్చింది. 2008లో ఊరికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చాక అలాంటి ఇళ్లెన్నో చిన్న హోటళ్లుగా మారాయి. గోడలు నిలిచాయి, ఇరుగుపొరుగు చెదిరింది. అలాగని హోటల్‌గా ఉన్నంత మాత్రాన భవనం క్షేమంగా ఉంటుందనీ చెప్పలేం. టోక్యోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపొందించిన ఇంపీరియల్ హోటల్ 1923లో తెరిచిన రోజే పెద్ద భూకంపాన్ని తట్టుకుంది. 1968లో మాత్రం కొత్త కట్టడం కోసం కూల్చేశారు. ప్రవేశ భాగం, లాబీ మాత్రం మేజీమురా ప్రదర్శనశాలలో మిగిలాయి. కాబట్టి లాభం, నష్టం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపడం రచన బాధ్యత.

ఇక కట్టుకథల సంగతి. ముంబయిలోని తాజ్‌మహల్ ప్యాలెస్ 1903లో తెరుచుకుంది. ఐరోపావారి హోటల్లోకి రానివ్వకపోవడంతో జంషెడ్‌జీ టాటా దాన్ని కట్టించారన్న కథను కొందరు చరిత్రకారులు ఒప్పుకోరు. రాఫెల్స్‌లో 1902లో పులిని కాల్చింది నిజం. కానీ అది అడవిపులి కాదు, సర్కస్ నుంచి తప్పించుకున్నది. దాన్ని కాల్చింది బిలియర్డ్స్ బల్ల కింద కాదు, స్తంభాల మీద నిలిచిన బిలియర్డ్స్ గది నేల కింద. కథను కథగా, ఆధారమున్న సంగతిని సంగతిగా విడదీసి చెప్పినా పాఠకుడి ఆసక్తి తగ్గదు, నమ్మకం పెరుగుతుంది. కట్టినవారు, పోగొట్టుకున్నవారు, ఖాళీ చేసినవారు, ఇప్పుడు పనిచేస్తున్నవారు, వీరందరికీ చోటిచ్చిన రచన చదివిన యాత్రికుడు తాను చెల్లించే డబ్బు దేన్ని నిలబెడుతోందో తెలుసుకుని బస ఎంచుకోగలడు.