సరిహద్దు దాటే సరుకుకు లెక్కేది?

(సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉద్యమ కాలంలో మనల్ని పదేపదే అడిగిన ప్రశ్న ఒకటుంది. 'విడిపోతే మీ సరుకు ఎవరు కొంటరు?' మేం ఆవేశంగానే జవాబు చెప్పినం. కానీ ఒక నిజం ఒప్పుకోవాలె. అడిగినోళ్ల దగ్గరా లెక్క లేదు, మా దగ్గరా లేదు. ఖమ్మం నుంచి విజయవాడకు పోయే లారీ అప్పుడు ఒకే రాష్ట్రంలో తిరిగే లారీ. దానికి కేంద్ర అమ్మకం పన్ను లేదు, కాబట్టి రెండు ప్రాంతాల వ్యాపారంగా ఎక్కడా నమోదు కాలేదు. 2014 జూన్ 2 నుంచి అదే సరుకు అంతర్రాష్ట్ర వ్యాపారమైంది.

లెక్క లేనిచోట అంచనా ఎట్ల? రెండు దారులున్నయి. ఒకటి, ప్రాంతం ఉపాధిలో ఒక పరిశ్రమ వాటాను రాష్ట్రం మొత్తంలో దాని వాటాతో పోల్చడం. ఎక్కువుంటే సరుకు బయటికి పోతున్నట్టు, తక్కువుంటే బయటినుంచి వస్తున్నట్టు. రెండోది, 1962లో టిన్‌బెర్గెన్ వాడిన సూత్రం. ప్రాంతాల ఆర్థిక పరిమాణం పెద్దదైతే వ్యాపారం పెరుగుతది, దూరమైతే తగ్గుతది.

రెంటికీ లోపాలున్నయి. మిర్యాలగూడ బియ్యం బయటికి పోతయి, కర్నూలు సోనా మసూరి హైదరాబాదుకు వస్తది. ఇట్ల రెండు దిక్కులా నడిచే వ్యాపారం మొదటి పద్ధతికి కనబడదు. రెండో పద్ధతి దూరాన్ని చూస్తది గానీ, పాత బంధాలను, అప్పులిచ్చే కమీషన్ వ్యాపారిని చూడదు.

ఇది మన ఒక్కరి గోస కాదు. 2016-17 కేంద్ర ఆర్థిక సర్వే పన్ను లావాదేవీల ఆధారంగా దేశంలో అంతర్రాష్ట్ర వ్యాపారం జీడీపీలో సుమారు 54 శాతమని అంచనా కట్టింది. 2017 జూలై 1న జీఎస్టీ, 2018 ఏప్రిల్ 1న ఈ-వే బిల్లు వచ్చినయి. ఇక అన్నీ తెలిసినట్టేనా? కాదు. పన్ను లేని విడి వడ్లకూ, కూరగాయలకూ ఈ-వే బిల్లు అక్కర్లేదు. అంటే రైతు సరుకే మళ్లీ లెక్కకు దొరకలేదు!

అందుకే విద్యార్థులు మార్కెట్ యార్డుల గేటు పుస్తకాలు చూడాలె. రోడ్ల మీద వారం నిలబడి లారీలు లెక్కబెట్టాలె. ఉద్యోగులు తమ దగ్గరున్న లెక్కలు ప్రజలకు అందేటట్టు చూడాలె. అంచనాను అంచనా అనే చెబుదాం. గట్టిగా అరిచిన అంకె నిజం కాదు, ఎట్ల వచ్చిందో చూపగలిగిన అంకే నిలబడుతది.