తెచ్చుకునేది ఒక్కరోజు, సాకేది పదిహేనేళ్ళు

(మన దేవాలయ సేవా దినోత్సవ సభలో వాలంటీర్ల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

సేవా దినోత్సవం అంటే అన్నదానం, రక్తదానం, రోడ్డు పక్కన చెత్త ఏరడం, వీటి గురించి చెబుతామని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి మాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇప్పటికే మాట్లాడారు. మేము ఇళ్ళలో పెంచుకునే కుక్కలు, పిల్లుల గురించి నాలుగు మాటలు చెప్పడానికి వచ్చాం. గుడిలో ఈ ప్రస్తావన ఏమిటని ఎవరికైనా అనిపిస్తే అది సహజమే. కానీ ఆదివారం తెలుగు బడిలో "మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అని పిల్లల్ని అడిగి చూడండి. అమ్మ, నాన్న, అక్క అయ్యాక నాలుగో పేరు చాలాసార్లు కుక్కదే. తాతయ్య, అమ్మమ్మ ఆ తరువాతే వస్తారు! కోవిడ్ రోజుల్లో ఇళ్ళకు వచ్చిన కుక్కపిల్లలు ఇప్పుడు పెద్దవయ్యాయి. కొన్నిటికి మూతి దగ్గర వెంట్రుకలు నెరుస్తున్నాయి కూడా. వాటి విషయంలో మన బాధ్యత ఏమిటో మాట్లాడుకోవడానికి ఇది తగిన సమయమే.

గుడిలో ఉన్నాం కాబట్టి భారతంతోనే మొదలుపెడదాం. ధర్మరాజు, కుక్క కథ అందరికీ తెలిసిందే. మహాప్రస్థానంలో ద్రౌపది, తమ్ముళ్ళు ఒక్కొక్కరే పడిపోయాక చివరిదాకా ఆయన వెంట నడిచింది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి "నువ్వు ఎక్కు, దాన్ని వదిలెయ్" అంటే, నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి నాకు స్వర్గం వద్దన్నాడు ధర్మరాజు. భారతం మొదట్లోనూ ఒక కుక్క ఉంది. జనమేజయుడి యాగశాల దగ్గరికి ఒక కుక్కపిల్ల ఆడుకుంటూ వస్తుంది. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని కొట్టి తరుముతారు. దాని తల్లి సరమ నేరుగా రాజు ముందుకే వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. నన్నయగారి ఆదిపర్వంలోని ఆ పద్యం మన పెద్దల్లో కొందరికి నోటికి వచ్చు. మన కర్నూలు ప్రాంతంలో ఎర్రగుడి బండలమీద ఉన్న అశోకుడి శాసనాలు చూసినా, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన సంగతి అందులో ఉంది. ఆ మాట చెక్కి 2,200 ఏళ్ళు దాటింది. కాబట్టి ఇది అమెరికా వచ్చాక మనకు అంటిన ముచ్చట కాదు.

అయితే దయ మనసులో ఉంటే సరిపోదు. అది మన క్యాలెండర్‌లోనూ, ఖర్చుల లెక్కలోనూ ఉండాలి. మా బృందంలో ఎక్కువమందిమి సాఫ్ట్‌వేర్ వాళ్ళం. ప్రోగ్రామ్ రాయడం కొన్ని నెలల పని, దాన్ని ఏళ్ళ తరబడి నడపడమే అసలు పని అని మాకు ఆఫీసులో రోజూ తెలుస్తూనే ఉంటుంది. కుక్కను తెచ్చుకోవడమూ అంతే. కుక్కలు సాధారణంగా పది నుంచి పదమూడేళ్ళు బతుకుతాయి, చిన్న జాతులైతే ఇంకా ఎక్కువ. ఇంట్లోనే ఉండే పిల్లి పదిహేనేళ్ళు సులువుగా దాటుతుంది. ఎలిమెంటరీ స్కూల్లో ఉన్న అమ్మాయి మారాం చేసిందని తెచ్చిన కుక్కపిల్ల, ఆ అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక కూడా మీ ఇంట్లోనే ఉంటుంది. "నేనే చూసుకుంటాను నాన్నా" అన్న మాట అప్పటికి ఎవరికీ గుర్తుండదు. అందుకే తెచ్చుకునే నిర్ణయం పెద్దలది కావాలి.

ఆ నిర్ణయానికి ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఆగస్టు ఎండలో ఉదయం ఆరింటికి నడకకు తీసుకెళ్ళేది ఎవరు? అపార్ట్‌మెంట్ లీజులో ఏ జాతి కుక్కలను అనుమతిస్తారు, నెలనెలా అద్దె ఎంత కలుపుతారు? ఇండియా నుంచి అత్తయ్యగారో అమ్మగారో ఆరు నెలలకు వస్తే వారికి కుక్కంటే భయమా, పూజగది దగ్గర ఆచారం పట్టింపు ఉందా? వారిని ముందే అడగండి. గడపలు, గేట్లు పెట్టుకుంటే తీరే చిన్న విషయం, అడగకపోతే పెద్ద గొడవ అవుతుంది. హస్కీలాంటి దట్టమైన బొచ్చు జాతులు చలి ప్రాంతాల కోసం పుట్టినవి. మన టెక్సాస్ వేసవి వాటికి శిక్షే. కొనేముందు ఒకసారి షెల్టర్‌కు కూడా వెళ్ళి చూడండి. అక్కడ దత్తతకు ఇచ్చే జంతువులకు చాలావరకు టీకాలు, ఆపరేషన్, చిప్ ముందే అయిపోయి ఉంటాయి. పార్కింగ్ లాట్‌లో పెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం కొనకండి.

ఇంటికి వచ్చాక మొదటి ఏడాది పనులు ముఖ్యం. టెక్సాస్ చట్టం ప్రకారం కుక్కకైనా పిల్లికైనా 16 వారాలు నిండేలోగా రేబిస్ టీకా వేయించాలి. దోమల వల్ల వచ్చే హార్ట్‌వార్మ్ మన దక్షిణ రాష్ట్రాల్లో ఎక్కువ. ఆ పురుగులు గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పెరుగుతాయి. రాకుండా ఆపడానికి నెలకో మాత్ర చాలు. వచ్చాక వైద్యం నెలల తరబడి సాగుతుంది, కుక్కకు బాధ, మనకు భారీ ఖర్చు. సంతాన నిరోధక ఆపరేషన్ ఏ వయసులో చేయించాలో డాక్టరును అడగండి. ఇన్సూరెన్స్ తీసుకునే ఆలోచన ఉంటే చిన్న వయసులోనే తీసుకోండి. జబ్బు బయటపడ్డాక కొన్న పాలసీ ఆ జబ్బుకు పనికిరాదు.

చిప్ గురించి మా వృత్తి భాషలో ఒక మాట. మైక్రోచిప్ జీపీఎస్ కాదు. అందులో ఉండేది ఒక నంబర్ మాత్రమే. ఆ నంబర్‌కు ఎదురుగా డేటాబేస్‌లో మీ ఫోన్, చిరునామా ఉంటేనే తప్పిపోయిన కుక్క ఇంటికి చేరుతుంది. ఇల్లు మారినప్పుడు డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంకు, అన్నిచోట్లా చిరునామా మారుస్తాం. చిప్ దగ్గర మార్చడం మాత్రం చాలామందికి తట్టదు. ఐదు నిమిషాల పని, ఇవాళ ఇంటికి వెళ్ళగానే చూడండి.

తిండి విషయం మన ఇళ్ళలో కాస్త సున్నితం. పెరుగన్నం కుక్కలు ఇష్టంగానే తింటాయి, కానీ అదొక్కటే వాటికి చాలదు. శాకాహారుల ఇళ్ళలో కుక్కను శాకాహారంమీద పెంచాలంటే అన్ని పోషకాలూ సమకూర్చిన ఆహారం ఉండాలి, డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. పిల్లి సంగతి వేరు. అది పుట్టుకతోనే మాంసాహారి. మాంసంలో దొరికే టారిన్ దానికి తప్పనిసరి. అది అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. ఇంట్లోకి మాంసం రాకూడదనే నియమం ఉన్నవాళ్ళు నియమాన్ని నిశ్చింతగా పాటించండి, పిల్లిని మాత్రం తెచ్చుకోకండి. మన నియమానికి దాని కళ్ళు మూల్యం కాకూడదు.

ప్రసాదం గురించి కూడా చెప్పాలి. లడ్డూలో, చక్కెర పొంగలిలో, పరమాన్నంలో కిస్‌మిస్ ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఏ కుక్కకు ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. కాబట్టి భక్తితోనైనా సరే, కుక్కకు లడ్డూ పెట్టకండి. సాంబారు, కూరల్లోని ఉల్లి, వెల్లుల్లి, పిల్లల చాక్లెట్లు, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్, హారతి కర్పూరం, ఇవన్నీ వాటికి అందనంత ఎత్తులో ఉంచాలి. పెరట్లో పూజకోసం పెంచే గన్నేరు, ముంగిట్లో అందంకోసం పెట్టే సాగో పామ్, రెండూ విషమే. పిల్లి ఉన్న ఇంట్లో లిల్లీ పూలు వద్దు. పుప్పొడి ఒంటికి అంటి, దాన్ని నాకినా పిల్లి ప్రాణానికే ముప్పు. మనం వేసుకునే టైలనాల్ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు. ఏదైనా తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఏఎస్‌పీసీఏ వారి విష చికిత్సా సలహా కేంద్రం 24 గంటలూ పనిచేస్తుంది, ఫీజు ఉండవచ్చు. ఆ నంబర్ ఫ్రిజ్‌మీద అంటించుకోండి.

ఇంకో విన్నపం. గుడికి వచ్చేటప్పుడు "పది నిమిషాల్లో దర్శనం చేసుకుని వచ్చేస్తాం" అని కుక్కను కారులో వదలకండి. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే దాదాపు 20 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి పెరుగుతుంది. అద్దం కొంచెం దించినా పెద్దగా ఉపయోగం ఉండదు. పెరట్లో గొలుసుతో కట్టివేయడం కూడా 2022 జనవరి 18 నుంచి మన రాష్ట్రంలో చట్టవిరుద్ధం. బయట కట్టి ఉంచే కుక్కకు నీడ, నీళ్ళు, కదలడానికి చోటు ఉండి తీరాలి. దీపావళికి, జులై 4కు బాణసంచా మొదలవకముందే కుక్కను నడిపించి తెచ్చి, లోపలి గదిలో ఉంచి, తలుపులు వేయండి. భయంతో కంచె దూకి పారిపోయేది ఆ రాత్రుల్లోనే.

ఇప్పుడు అసలు కష్టమైన విషయానికి వస్తాం. మనలో చాలామంది వీసామీద ఉన్నవాళ్ళం. హెచ్-1బిలో ఉద్యోగం పోతే మామూలుగా దొరికేది 60 రోజుల వరకు గడువు. ఆ 60 రోజుల్లో ఇల్లు, కారు, పిల్లల స్కూలు, సామాను అన్నీ చూసుకునేసరికి, చివరి వారంలో గుర్తొచ్చేది కుక్క. అప్పుడు దానికి షెల్టరే గతి అవుతుంది. వయసు మళ్ళిన కుక్కను అక్కడినుంచి దత్తత తీసుకునేవాళ్ళు తక్కువ. కష్టంలో ఉన్న కుటుంబాన్ని మేము తప్పు పట్టడం లేదు. ఆ స్థితి రాకముందే చేయవలసినవి చేద్దాం అంటున్నాం.

ఇండియాకు తీసుకెళ్ళడం సాధ్యమే. చిప్, వేసి కనీసం 30 రోజులైన రేబిస్ టీకా, ఇక్కడి వ్యవసాయశాఖ ముద్రపడిన ఆరోగ్య ధ్రువపత్రం, అక్కడి జంతు క్వారంటైన్ శాఖ అనుమతి కావాలి. హైదరాబాద్ విమానాశ్రయం ద్వారానూ తీసుకెళ్ళవచ్చు. పగ్, బుల్‌డాగ్‌లాంటి చప్పిడి ముక్కు జాతులను చాలా విమాన సంస్థలు కార్గోలో ఎక్కించుకోవు, వాటికి ఊపిరి ఆడదు. కాబట్టి కాగితాల పని చివరి వారానికి వదలకుండా మొదటి వారంలోనే మొదలుపెట్టండి. అక్కడినుంచి ఇక్కడికి తేవాలంటే 2024 ఆగస్టు 1 నుంచి సీడీసీ నిబంధనలు గట్టిపడ్డాయి. కుక్కకు కనీసం ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి. ఇండియా రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి అదనపు పత్రాలు కావాలి. టికెట్ కొనకముందే తాజా నిబంధనలు చూసుకోండి. తీసుకెళ్ళడం ఏ విధంగానూ కుదరకపోతే, దాని అలవాట్లు, జబ్బులు, భయాలు దాచకుండా చెప్పి, తెలిసిన ఇంటికి అప్పగించండి. పార్కులో వదిలేస్తే ఎలాగో బతుకుతుందిలే అనుకోకండి. అది మీకోసం అక్కడే ఎదురుచూస్తుంది.

చివరగా ముసలితనం. అది మన ఇంట్లో పెద్దవాళ్ళకు వచ్చినట్టే వస్తుంది. కీళ్ళ నొప్పులు, చూపు మందగించడం, రాత్రిళ్ళు ఇంట్లో దిక్కుతోచక తిరగడం, పరుపుమీద తడిపేయడం. జారకుండా నేలమీద చాపలు, గిన్నె కొంచెం ఎత్తులో, ఏడాదికి రెండుసార్లు డాక్టరు పరీక్ష, నొప్పికి డాక్టరు రాసిన మందు, వీటితో ఆ చివరి ఏళ్ళు హాయిగా గడుస్తాయి. ముసలిదైపోయిందని ఎవరికో ఇచ్చేయాలన్న ఆలోచన మాత్రం వద్దు. మనుషులు, వాసనలు, మూలలు తెలిసిన ఇల్లే దానికి కావాలి.

ఇక బాగుపడని జబ్బు వచ్చినప్పుడు సూదితో ప్రాణం విడిపించే విషయం. మన పెద్దల్లో దీనిమీద ఏకాభిప్రాయం లేదు. ప్రాణం తీసే హక్కు మనకు లేదంటారు కొందరు. ఊపిరికోసం విలవిల్లాడుతుంటే చూస్తూ కూర్చోవడమే పాపమంటారు మరికొందరు. మా బృందంలోనూ రెండు మాటలూ ఉన్నాయి. తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. కానీ అందరం ఒప్పుకున్నవి కొన్ని ఉన్నాయి. మన వీలుకోసం, ప్రయాణంకోసం ఆ పని చేయకూడదు. ముందు నొప్పి తగ్గించే మార్గాలన్నీ డాక్టరును అడగాలి. తింటోందా, లేచి నిలబడగలుగుతోందా, మనల్ని చూసి తోక ఆడిస్తోందా అని రోజూ రాసి పెట్టుకుంటే, ఆలస్యం చేస్తున్నది దానికోసమో మనకోసమో మనకే తెలుస్తుంది. ఏ దారి ఎంచుకున్నా ఆ చివరి గంటలో పక్కనే ఉండండి. పిల్లలకు "ఎక్కడో పొలానికి పంపాం" అని చెప్పకండి. చావు అంటే ఏమిటో వాళ్ళు మొదటిసారి తెలుసుకునేది చాలా ఇళ్ళలో ఇలాగే. నిజం చెప్పి, వాళ్ళతో కలిసి ఒక దీపం పెట్టండి. ఏడిస్తే ఏడవనివ్వండి. "కుక్కకోసం ఇంత ఏడుపా" అని పెద్దలెవరూ అనకండి.

మా బృందం మూడు పనులు తలపెట్టింది. ఒకటి, ఇండియా వెళ్ళే కుటుంబాల జంతువులను కొన్ని వారాలు చూసుకోగల సభ్యుల జాబితా. రెండు, ప్రతి దీపావళికి ముందు ఒక ఆదివారం చిప్ చిరునామాలు సరిచూసే బల్ల. మూడు, "మాకేదైనా అయితే మా కుక్క బాధ్యత ఫలానావారిది" అని ముందే ఇద్దరూ సంతకం చేసి ఉంచుకునే ఒక పేజీ కాగితం. పేర్లు ఇవ్వదలచినవారు భోజనశాల పక్కనున్న సేవా బల్ల దగ్గర ఇవ్వండి. ఇంట్లో జంతువులు లేనివారు కూడా రావచ్చు. సాయంత్రం నడకకు తోడు వెళ్ళే పెద్దలు దొరికితే మాకు ఎంతో మేలు.

 అవతల భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. పులిహోర మీరు తినండి, ఇంటికి పట్టుకెళ్ళే లడ్డూ మాత్రం కుక్కకు అందకుండా చూసుకోండి.