పన్నెండు మందిలో ఏడుగురు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

'విదేశీ తీర్థయాత్ర' మీద మాట్లాడమని కార్యదర్శి గారు పావుగంట ఇచ్చారు. పోర్చుగల్ అందాలు చెప్పడానికి పావుగంట చాలదు. పైగా అవన్నీ ఇప్పుడు అందరి ఫోన్లలోనూ కనిపిస్తాయి. అందుకని ఆ యాత్రకు మాలో ఎవరు పోగలిగారు, ఎవరు పోలేకపోయారు అన్నది చెప్తాను.

ఇక్కడున్న వాళ్లలో ఎక్కువమందికి కొత్త సంగతి గనక కొంచెం ముందునుంచి మొదలుపెడతాను. కాథలిక్కుల్లో 'ప్రపంచ యువజన దినోత్సవం' అని ఒకటుంది. రెండవ జాన్ పాల్ పోపు గారు మొదలుపెట్టారు. పేరుకు దినోత్సవమే గానీ వారం రోజుల జాతర. రెండు మూడేళ్లకొకసారి ఒక్కో దేశంలో జరుగుతుంది. 1995లో మనీలాలో జరిగినప్పుడు ముగింపు పూజకు 50 లక్షల మంది వచ్చారని లెక్క. లిస్బన్‌లో 2022లో జరగాల్సింది కోవిడ్ వల్ల 2023 ఆగస్టు 1 నుంచి 6 వరకు జరిగింది. మా విచారణ యువజనులతో కలిసి నేను వెళ్లింది దానికే. వాళ్లందరికంటే వయసులో పెద్దవాణ్ణి గనక పెద్దరికం నా నెత్తిన పెట్టారు.

పేర్లిచ్చింది పన్నెండు మంది. తిరుపతి వాళ్లు ఆరుగురు, మిగతా ఆరుగురు చిత్తూరు, పలమనేరు వైపు పల్లెల వాళ్లు. ఖర్చు తలకి లక్షన్నర దాటింది. మామిడి తోట ఉన్న ఇంట్లో లక్షన్నర అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. తోతాపురి ధర ఫ్యాక్టరీ గేటు దగ్గర ఏ పొద్దు ఎట్లుంటుందో ఎవరికీ తెలియదు. "జెరూసలేముకి గవుర్మెంటు డబ్బులిస్తుంది గదా, దీనికియ్యదా?" అని ఒక తండ్రి అడిగాడు. ఆయన అడిగింది న్యాయమే. 2019లో మన ప్రభుత్వం జెరూసలేం యాత్ర సాయాన్ని, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకి, 40 వేల నుంచి 60 వేలకు పెంచింది. కానీ అది పవిత్ర భూమి యాత్రకు. లిస్బన్‌కు వర్తించదు.

కాబట్టి పిల్లలే కూడబెట్టుకున్నారు. క్రిస్మస్ ముందు ఇల్లిల్లూ తిరిగి క్యారల్స్ పాడారు, ఊరగాయలు పెట్టి అమ్మారు, ఒకడు ఏడాది పాటు రాత్రిళ్లు పార్సిళ్లు మోశాడు. మన బడిలో నాతో చదివిన ఒక మిత్రుడు ఇద్దరు పిల్లల టికెట్ల డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. వాళ్ల నాయన అలిపిరి దగ్గర నడిచి కొండెక్కేవాళ్లకి ఎండాకాలమంతా మజ్జిగ పోసేవారు. "యాత్రకు పోయేవాడు ఏ కొండకు పోతే నాకేంది రా" అన్నాడు. రశీదు ఇవ్వబోతే తిట్టాడు.

డబ్బు కుదిరింది. చెన్నైకి పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చాం. జూలైలో పాస్‌పోర్టులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఏడుగురికి వీసా వచ్చింది, ఐదుగురికి రాలేదు.

ఆ ఐదుగురూ పల్లెల వాళ్లే. కాగితం మీద కారణం ఒకటే: గడువులోగా తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదు. అది యూరప్ వీసా ఫారాల్లో అచ్చువేసి ఉండే వాక్యం, ఎవరి కోసమో ప్రత్యేకంగా రాసింది కాదు. నేను ఆ అధికారులను తిట్టను. ఆ వారంలోనే కొన్ని దేశాల యాత్రికులు కొందరు ఉత్సవానికి రాకుండా కనబడకుండా పోయారని పత్రికల్లో వచ్చింది. వాళ్ల భయం వాళ్లది. కానీ ఏడు ఫైళ్లు, ఐదు ఫైళ్లు పక్కపక్కన పెట్టి చూశాను. ఏడింట్లో జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, కాలేజీ లేఖలు ఉన్నాయి. ఐదింట్లో పట్టాదారు పాసుపుస్తకం ఉంది, పాల కేంద్రం వాళ్ల చీటీలున్నాయి. రెండెకరాల తోట, నాలుగు ఆవులు, ముసలి అవ్వ. మనిషిని ఊరికి కట్టేసేవి అంతకంటే గట్టివి ఏముంటాయి చెప్పండి? అయినా అవి ఆ ఫారంలో ఏ గడిలోనూ పట్టవు.

ఆ రాత్రి గుడి ఆవరణలో కూర్చున్నాం. పోతే అందరం పోవాలి, లేకపోతే అందరం మానెయ్యాలని తిరుపతి పిల్లలు పట్టుబట్టారు. టికెట్ల డబ్బు పోయినా ఫర్వాలేదన్నారు. విచారణ గురువులు ఏమీ మాట్లాడలేదు. చివరికి వీసా రాని అమ్మాయి ఒకతె లేచింది. "మీరు మానేస్తే మాకేమొస్తాదన్నా? పోండి. ఆడ మా పేర్లు చదవండి. ఫోటోలు మాత్రం ఎప్పటికప్పుడు పెట్టొద్దండి, చూసి తట్టుకోలేము" అనింది.

సరే, పోయాం. లిస్బన్ శివార్లలో ఒక బడిలో, తరగతి గదిలో నేల మీద పడక. బోర్డు మీద ఎవరో లెక్క చేసి చెరపకుండా వదిలేశారు. పొద్దున్నే చన్నీళ్ల స్నానం, దాని కోసం పొడుగాటి వరస. ఆ పేటలోని ముసలామెలు వచ్చి రొట్టెలు పంచేవారు. మాకు వాళ్ల భాష రాదు, వాళ్లకు మనది రాదు. చెనిక్కాయల పొడి రుచి చూపిస్తే ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుని కూడా మళ్లీ చెయ్యి చాపింది.

నాకు అక్కడ ఒకటి అనిపించింది. తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి యాత్రికుడంటే అవతలి మనిషి. బస్టాండులో రద్దీ, గుండు, లడ్డు సంచి, దారి అడిగేవాడు. గరుడ సేవ నాడు పనుంటే ఆ పక్కకే పోము. లిస్బన్ వాళ్లు కూడా కొందరు ఆ వారం ఊరు వదిలి పోయారట. ఆ రద్దీ ఈసారి మేమే. ట్రామెక్కితే స్థానికులు విసుక్కోవడం కనిపించింది. మన ఊళ్లో మూడువేల ఐదువందల మెట్లెక్కి కాళ్లు పట్టుకుని కూర్చున్న తమిళ ముసలాయన ముఖం నేను చిన్నప్పుడు వందసార్లు చూశాను గానీ, నా అరికాళ్లు పగిలాక గానీ అది నాకు సరిగ్గా గుర్తు రాలేదు.

ఆ ఊరికీ మనకూ పాత సంబంధాలున్నాయి. మన ఇళ్లల్లో పదువాపురి అంతోని వారని పిలుచుకునే పునీతుడు నిజానికి పుట్టింది లిస్బన్‌లో. పుట్టిన చోట చిన్న గుడి ఉంది, పెద్ద దేవాలయానికి పక్కనే. కావి గుడ్డలు కట్టి, మాంసం మానేసి తమిళ దేశంలో తిరిగిన జాన్ డి బ్రిట్టో కూడా 1647లో ఆ ఊళ్లోనే పుట్టాడు. రామనాథపురం సీమలో ఓరియూరు దగ్గర 1693లో తల నరికించారు. తమిళులు ఆయన్ని అరుళానందర్ అంటారు. ఆ మధురై మిషన్ పద్ధతినే అనుసరించి 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి యేసుసభ గురువులు మన పుంగనూరులో అడుగుపెట్టారు. పుంగనూరంటే ఆవులే కాదన్నమాట. ఇక మన జిల్లాలున్న కడప మేత్రాసనం ఏర్పడింది 1976లో. వయసులో మన సంఘానికి తోడబుట్టినదే.

ఆగస్టు 3 సాయంత్రం పోపు ఫ్రాన్సిస్ గారు ఎడ్వర్డో పార్కుకు వచ్చారు. సంఘంలో అందరికీ చోటుంది అన్నారు. 'తోదోస్' అంటే వాళ్ల భాషలో అందరూ అని. "తోదోస్, తోదోస్, తోదోస్" అని తాను అని, జనం చేత అనిపించారు. లక్షల గొంతులు. మా పిల్లలు కూడా మొదటిసారి గట్టిగా అన్నారు. రెండోసారి అన్నారు. మూడోసారికి మా వరసలో ఒకడు ఆగిపోయాడు. ఎందుకని నేను అడగలేదు. మాలో అందరికీ తెలుసు.

ఆయన అబద్ధం చెప్పారని నేను అనను. చోటు ఇచ్చేవాడు వేరు, దారి ఇచ్చేవాడు వేరు. గుడి తలుపు తెరిచే ఉంటుంది, ఎయిర్‌పోర్టు తలుపు వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. కానీ అంతకు ముందే ఇంకో తలుపుంది, కాగితాలది. అది మన చేతిలోనే ఉందని నాకు ఆ పార్కులో నిలబడ్డప్పుడు తట్టింది.

మర్నాడు పొద్దున్నే అంతోని వారి గుడికి పోయి ఐదు పేర్లూ చదివాం. పోయిన వస్తువు దొరకాలంటే ఆయన్నే అడగాలని మా అవ్వ చెప్పేది. మేకలు తప్పిపోయినా ఆయన్నే అడిగేది. రాని వీసా ఆ లెక్కలోకి వస్తుందో రాదో నాకు తెలియదు.

5వ తేదీ రాత్రి తేజో నది ఒడ్డున ఆరుబయట పడుకున్నాం. ఒకప్పుడు ఊరి చెత్త పోసిన స్థలమది, బాగుచేసి పార్కు చేశారు. పదిహేను లక్షల మంది. పొద్దున ఏడింటికి ఒక గురువు గారు డీజే పెట్టి అందరినీ లేపారు! సుప్రభాతంతో లేచే అలవాటున్న ఊరివాణ్ణి, నాకది కొంచెం ఎక్కువే అనిపించింది. పిల్లలకు బ్రహ్మాండంగా నచ్చింది. పూజ చివర్లో తరువాతి ఉత్సవం సియోల్‌లో అని పోపు గారు ప్రకటించారు.

ఇచ్చిన మాట ప్రకారం తిరిగొచ్చేదాకా ఒక్క ఫోటో ఎవరూ బయటపెట్టలేదు. ఈ కాలం పిల్లలకు అది ఉపవాసం కంటే కష్టం. మేము రాగానే నెలాఖరులో పన్నెండు మందిమీ వేలాంకన్ని పోయాం. ఆగస్టు 29న జెండా ఎక్కే రోజు. దానికి ఏ కాగితమూ అడగలేదు. సముద్రం ఒడ్డున కూర్చుని అప్పుడు చూశారు ఆ ఐదుగురూ ఫోటోలు, అన్నీ, చాలాసేపు.

సియోల్ ఉత్సవం 2027 ఆగస్టు 3 నుంచి 8 వరకు. మనీలా తర్వాత ఆసియాలో జరగడం ఇదే. ఈసారి జాబితాలో మొదటి ఐదు పేర్లు ఆ ఐదుగురివే. వాళ్లలో ఒకమ్మాయికి పెళ్లయింది, వస్తే భర్తతో కలిసి వస్తానంటోంది. పాల డబ్బులు ఇప్పుడు బ్యాంకు ఖాతాలోనే పడుతున్నాయి. రిటర్నులు వెయ్యడం ఇంకా మొదలుపెట్టలేదు, ఎలా వెయ్యాలో ఆ ఇళ్లల్లో చెప్పేవాళ్లు లేరు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గనక రిటర్ను ఎందుకని వాళ్ల నాయనలు అడుగుతున్నారు.

ఈ హాలులో ఆడిటర్లు నలుగురైదుగురు ఉన్నారని నాకు తెలుసు. ఒక బ్యాంకు మేనేజరు కూడా కనిపిస్తున్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. భోజనాల దగ్గర నన్ను కలవండి, నేను పెరుగన్నం వరసలో ఉంటాను.